ఆటపాక గూడబాతులు, కొల్లేటి చెరువులు

డిసెంబరు చివర్లో అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరు, నేను కలిసి హైదరాబాదు నుంచి రాత్రి రైలులో ఏలూరు చేరాము. కొల్లేటి పక్షులను పిల్లలకు దగ్గరగా చూపించాలన్న ఒక్క కోరికతోనే ఆ మూడు రోజులూ కేటాయించుకున్నాము. ఏలూరులో మంచి గదులు దొరుకుతాయి, భోజనానికి ఇబ్బంది లేదు, కాని అక్కడి నుంచి బయలుదేరితే పక్షులు సందడి చేసే ఉదయపు సమయం కాస్తా దారిలోనే గడిచిపోతుంది. అందుకని మొదటి రాత్రి ఏలూరులో ఉండి, రెండో రాత్రికి కైకలూరు మారాము. అక్కడి లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, దోమలు నిద్ర పోనివ్వలేదు. అయినా పక్షులు గూళ్లు కట్టే ఆటపాక అక్కడికి కూతవేటు దూరమే కనుక, మళ్లీ వెళ్లినా నేను కైకలూరులోనే దిగుతాను.

మొదటి రోజు మాత్రం మోసపోయామనే చెప్పాలి. అద్దెకు మాట్లాడుకున్న కారు డ్రైవరు కొల్లేరంతా చూపిస్తానని చెప్పి, రెండు గంటల పాటు మమ్మల్ని గట్ల వెంట తిప్పాడు. రెండు వైపులా నీళ్లే కనుక అదే సరస్సు అనుకున్నాము. కొంతసేపటికి ఆ నీళ్లన్నీ నలుచదరంగా ఉన్నాయని, మధ్యలో గడలకు కట్టిన మేత సంచులు వేలాడుతున్నాయని, వాటి చిల్లుల దగ్గరకు చేపలు మూతులు చాపి వస్తున్నాయని గమనించాము. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగితే, "ఇవి చెరువులమ్మా, కొల్లేరు ఇంకా లోపలికుంది" అన్నారు. పక్షులు చేపలను ఎత్తుకుపోకుండా ఒక చెరువు పైన కట్టిన వలలో నీటికాకి ఒకటి రెక్క చిక్కుకొని చచ్చి వేలాడుతోంది. పిల్లలు దాన్ని చూసిన తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పల్లపు ప్రాంతం +10 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు గీత వరకు, లెక్కిస్తే 901 చదరపు కిలోమీటర్లు. అందులో +5 కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దీనికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. రెండేళ్లు తిరగకుండానే, 2008లో, అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. తెగ్గొట్టిన గట్లలో చాలా వరకు మళ్లీ లేచాయి. చెరువుల మీద బతికే లంక గ్రామాల వారి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని సరస్సు కుంచించుకుపోయినప్పుడు ముందుగా నష్టపోయేది సొంత చెరువంటూ లేక వల, మావు (చేపలు పట్టే బుట్ట), దోనెలతోనే పొట్టపోసుకునే వడ్డీ కులపు జాలరులే అని ఆ పెద్దాయన మాటల్లో అర్థమైంది.

గట్ల వల్ల వచ్చే చేటు పక్షులతో ఆగదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద అంతా కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరవలసిన చోటు కూడా ఇదే. ఆ నీటికి దారిలో అడుగడుగునా గట్లు అడ్డం పడితే వరద ఊళ్ల మీదికి ఎగదన్నుతుంది. ఎండాకాలంలో సరస్సులో నీరు తగ్గితే అదే ఉప్పుటేరు వెంట ఉప్పునీరు పైకి వస్తుంది. ఇవి చాలవన్నట్లు పట్టణాల మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చే పురుగుమందులు కూడా ఇక్కడికే చేరతాయి.

రెండో రోజు తెల్లవారగానే ఆటపాక వెళ్లాము. మా ప్రయాణంలో డబ్బుకు తగిన ఫలితం దక్కింది ఇక్కడే. పడవ నడిపిన వ్యక్తి గూళ్లకు దూరంగానే ఆగి, పిల్లలను నిలబడవద్దని, కేకలు వేయవద్దని ముందే చెప్పాడు. ఇంకొంచెం దగ్గరకు తీసుకెళ్లమని అడిగినా ఒప్పుకోలేదు. ఆ పట్టుదలకు అతనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. గూళ్లకు చెట్లు చాలక ఇక్కడ ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద పుల్లలు పేర్చుకొని గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పక్కపక్కనే కాపురం పెట్టాయి. మాకు అన్నింటికంటే దగ్గరగా ఉన్న గూడబాతు గూటిలో, తల్లి నోరు తెరవగానే పిల్ల తన తల మొత్తాన్ని ఆ గొంతు సంచిలోకి దూర్చి, రెక్కలు టపటపలాడిస్తూ చేపను లాక్కుంది. ఆ ఊపుకు స్టాండు కూడా కొద్దిగా కదిలింది. ఇనుము మీదనైనా అవి పిల్లలను లేపుతున్నందుకు సంతోషించాను, ఇంత పెద్ద సరస్సుకు వచ్చి ఇనుము మీద గూడు కట్టుకోవలసి వచ్చినందుకు బాధపడ్డాను.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడును రెండేళ్ల కిందట చూశాను. గట్టు మీద నిలబడితే చాలు, చెరువులోని చెట్ల మీద ఇవే పక్షులు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి, పడవ అవసరమే లేదు. చిన్న పిల్లలతో ఒక్క పూటలో చూసి రావాలనుకునే వారికి అదే అనువైనది. ఊరివాళ్లు ఆ పక్షులను తమవిగా చూసుకోవడం అక్కడి ప్రత్యేకత. కాని అది ఊరి చెరువు. కొల్లేటిలో చూడవలసినది పక్షులతో పాటు నీటి విస్తారం కూడా, దానికి ఒక రోజు చాలదు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మను దర్శించుకొని, మూడో రోజు ఏలూరు తిరిగి వస్తూ పెదఎడ్లగాడి వంతెన దగ్గర కారు ఆపించాము. వంతెన కింద నీళ్లు కనబడనంతగా గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంది. ఒకాయన దోనెలో నిలబడి, గడతో దాన్ని రెండు వైపులకూ నెట్టుకుంటూ, తన దోనె పట్టేంత దారి చేసుకుంటున్నాడు. అడుగు ముందుకు వేసేసరికి వెనుక దారి మూసుకుపోతోంది. పొద్దున్నుంచి ఏం పడ్డాయని అన్నయ్య అడిగితే బుట్ట వంచి చూపించాడు. అందులో రెండు కొర్రమీనులు, గుప్పెడు పరిగెలు ఉన్నాయి.