‘మెరైన్’ అని రాసుంటే నమ్మేయకండి: స్పీకర్ల విషయంలో నాకు జరిగింది

హ్యూస్టన్ దగ్గర కీమా, క్లియర్ లేక్ వైపు పడవలున్న మనవాళ్ళందరికీ చెబుతున్నా, స్పీకర్ల కోసం ఇక్కడి ఆ పడవ సామాన్ల షాపుకి వెళ్ళకండి. పేరు రాయను. ఇక్కడ పడవ ఉన్నవాళ్ళు అక్కడ తాడో పెయింటో ఏదో ఒకటి కొనే ఉంటారు. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి.

మాది పాత కేటలీనా 27, తెరచాప పడవ. కాక్‌పిట్‌లో, అంటే కూర్చుని పడవ నడిపే చోట, స్పీకర్లు పాడైపోయాయి, కోన్ (స్పీకర్‌లో అదిరి శబ్దం చేసే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ ముట్టుకుంటే పొడిలా రాలుతోంది. కాకినాడ నుంచి నాన్నగారు వచ్చారు, ఆయన ఉన్నన్నాళ్ళయినా నీళ్ళ మీద ఘంటసాల పాటలు వినిపిద్దామని తొందరపడ్డాను. ఆ షాపులో ‘మెరైన్’ అని, అంటే పడవలకి చేసినవని రాసున్న ఆరున్నర అంగుళాల జత కొన్నాను, 180 డాలర్లు. పాత కన్నాలు చిన్నవి. ఫైబర్‌గ్లాస్ కోసి పెద్దవి చేసి బిగించాను.

ఏడు వారాలు. గ్రిల్ కింద నుంచి తెల్లటి గోడ మీదికి తుప్పు నీళ్ళు చారలు కట్టాయి. ఒకటి గరగరమని ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల కాగితం కోన్! ఫ్రేమ్ మామూలు ఇనుము, పైన నల్ల రంగు. కార్లలో పెట్టే స్పీకర్‌కి తెల్ల గ్రిల్ తగిలించి అమ్మారు.

రసీదుతో సహా తీసుకెళ్ళాను. కౌంటర్‌లో అతను దాన్ని తిప్పి చూసి, తుప్పు మీద వేలు పెట్టి, "ఇది తడిసింది. వాటర్ డ్యామేజ్‌కి వారంటీ లేదు" అన్నాడు. పెట్టె మీద ‘మెరైన్’ అన్న మాట చూపించాను. "పడవలో పెట్టుకోవచ్చని అర్థం, నీళ్ళు తగలొచ్చని కాదు" అన్నాడు. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. అమ్మేటప్పుడు ఉప్పుగాలికి ఏమీ కాదని నాకు చెప్పింది ఈ మనిషే. మేనేజర్‌ని పిలవమంటే నా వెనకాల ఉన్నాయనకి "నెక్స్ట్" అన్నాడు. నాన్నగారు పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన ముందు అలా పక్కకి నెట్టేసినట్టు చేశాడు, అది మాత్రం మర్చిపోలేను.

కొనేటప్పుడు గ్రిల్‌కి ఒక చిన్న అయస్కాంతం ఆనించి చూడాల్సింది. 316 రకం మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే దాదాపు అంటుకోదు, నాది టక్కున అతుక్కుంది. కోన్ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌దేనా, చుట్టూ రబ్బరుందా అని అడిగి చూపించుకోండి. వైరు టిన్ పూత ఉన్న రాగిదే తీసుకోండి, మామూలు రాగి ఉప్పుగాలికి నల్లబడిపోతుంది. ఆరున్నర అని రాసి ఉన్నా అన్నిటికీ కన్నం కొలత ఒకటి కాదు, కోసే ముందు చూసుకోండి.

ఇంకోటి, ఇందులో తప్పు పూర్తిగా నాదే. స్పీకర్ అయస్కాంతం వల్ల పక్కనే ఉన్న కంపాస్ 15 డిగ్రీలు తప్పు చూపించింది. పొగమంచులో పెద్ద ఓడలు తిరిగే షిప్ ఛానెల్ దాటుతూ ఉంటే ఏమయ్యేదో. కన్నం పెట్టకముందే స్పీకర్‌ని ఆ చోట పట్టుకుని కంపాస్ కదులుతుందేమో చూడండి.

ఆదివారం వాన అంటున్నారు. స్పీకర్లు తీసేసిన ఆ రెండు కన్నాలు మూయడానికి ప్లైవుడ్ ముక్కలు కోయడానికి వెళ్తున్నాను.