పెద్ద ఊసరవెల్లికి యూవీబీ లైటు అక్కర్లేదంటే నమ్మకండి

డాలస్ చుట్టుపక్కల ఊసరవెల్లి కొనాలనుకుంటున్న మనవాళ్లకు ఒక మాట. "ఇది పెద్దదైపోయింది, యూవీబీ లైటు అక్కర్లేదు" అని షాపులో చెబితే దయచేసి అక్కడ కొనకండి. ఆ మాట నమ్మినందుకు మా ఊసరవెల్లి చిలకమ్మ ఇప్పటికీ బాధపడుతోంది. యూవీబీ అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు.

మాది వెయిల్డ్ రకం, యెమెన్, సౌదీ ప్రాంతాల జాతి. కొనేనాటికి ఏడాదిన్నర వయసు. ఎముకలు పెరిగేది పిల్లప్పుడే కాబట్టి ఇక వేడి బల్బు, మేత మీద చల్లే కాల్షియం పొడి చాలన్నారు. "ఫుల్ స్పెక్ట్రమ్" అని రాసున్న బల్బు ఇచ్చారు. అందులో యూవీబీయే లేదని తర్వాత తెలిసింది. పంజరం కిటికీ పక్కనే పెట్టాం, ఎండ తగులుతోంది కదా అని నేనూ ధీమాగా ఉన్నాను. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఐదో నెలలో ఒక పొద్దున కీచురాయిని కొమ్మ మీద వదిలాను. చిలకమ్మ రెండు కళ్లూ దాని మీదికి తిప్పి నోరు తెరిచింది. జానెడు దూరం దూసుకుపోవాల్సిన నాలుక అంగుళం బయటికొచ్చి వేలాడిపోయింది. కీచురాయి దాని మూతి ముందు నుంచే నడుచుకుంటూ పోయింది. ముందుకాలు విల్లులా వంగి ఉండటం అప్పుడే చూశాను.

ఎక్స్‌రేలో ఎముకలు పల్చగా, మసకగా కనిపించాయి. డాక్టరు వేలితో తాకితే కింది దవడ మెత్తగా కదిలింది. మెటబాలిక్ బోన్ డిసీజ్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు అన్నారు. యూవీబీ చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే ఎంత కాల్షియం పొడి చల్లినా పేగులు సరిగా పీల్చుకోవు. రక్తంలో కాల్షియం తగ్గేసరికి శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది. కండరాలు ఆడటానికీ కాల్షియమే కావాలి, నాలుక పడిపోయింది అందుకే. పైగా వెయిల్డ్ ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, అవీ ఆ కాల్షియమే తినేస్తాయి. ఇక పెద్దదానికి అవసరం లేదనడం ఎంత అన్యాయమో చూడండి. పోనీ డి3 ఉన్న పొడే ఎక్కువగా వేద్దామా అంటే, మోతాదు మించితే కిడ్నీలు దెబ్బతింటాయి.

కొనాల్సింది పొడవాటి టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం) యూవీబీ ట్యూబు. చుట్టల్లా ఉండే చిన్న బల్బుల వెలుగు కొంచెం మేరకే పడుతుంది. ట్యూబు పంజరం పైన ఉండాలి, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. సన్న జాలీ కూడా కొంత ఆపుతుంది. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్ (ఆ కిరణాల తీవ్రత కొలత) 3 దాకా ఉండేలా, కంపెనీ చెప్పిన దూరం చూసి అమర్చండి. రోజుకు 12 గంటలు వెలగాలి, రాత్రి ఆర్పేయాలి. ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు: వెలుతురు బాగానే ఉన్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది. ట్యూబు మీద తేదీ రాసిపెట్టుకుని ఏడాదికల్లా మార్చండి.

పెద్దదాన్ని కొనేముందు అది కొమ్మను ఎలా పట్టుకుంటోందో చూడండి, మీ ముందే ఒక పురుగు వేయించండి. ఇన్నాళ్లూ ఏ ట్యూబు కింద ఉంచారో, ఎప్పుడు మార్చారో అడగండి.

చిలకమ్మకు మందు పడుతోంది, కొత్త ట్యూబు పెట్టి మూడు నెలలైంది. నాలుక కొంచెం సాగుతోంది, గిన్నెలోంచి తింటోంది. కాలి వంపు మాత్రం పోదని డాక్టరు చెప్పేశారు.