మూడు లీటర్ల కుక్కర్, ఒంటి బర్నర్ స్టవ్: పరాయి దేశంలో చాలాకాలం వాడాక

వాలంటీర్ టీచర్‌గా వేరే దేశానికి బయల్దేరేవాళ్ళు పుస్తకాలూ స్వెటర్లూ అన్నీ సర్దుకున్నాక చివర్లో అడుగుతారు, వంటకి ఏం పట్టుకెళ్ళాలని. మూడు లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కర్ ఒకటి, దానికి సరిపోయే రబ్బరు గ్యాస్కెట్లు మూడు అని చెప్తాను. కుక్కర్ ఎక్కడైనా దొరకొచ్చు. మీ కుక్కర్‌కి సరిగ్గా పట్టే గ్యాస్కెట్ దొరకడం మాత్రం కష్టం.

నాది బయటి మూత రకం, అడుగు మందంగా ఉంటుంది, వెయిట్ పైకి లేచి విజిల్ వేసే పాత పద్ధతి. వాలంటీర్‌కి ఇచ్చే ఇల్లంటే తెలిసిందే కదా: ఒక గది, మూలన ఒక బల్ల, బల్ల మీద ఒంటి బర్నర్ కిరోసిన్ స్టవ్. చేతికొచ్చే భత్యంలో ఇంధనానికి పోయేది తక్కువేం కాదు. అందరూ టైం కలిసొస్తుందని కుక్కర్ కొంటారు. నాకు కలిసొచ్చింది కిరోసిన్. వెయిట్ కదిలేదాకా పెద్ద మంట, ఆ తర్వాత స్టవ్ ఎంత తగ్గించగలిగితే అంత. మూత లేని గిన్నెలో గింజలు ఉడికించడానికి పట్టే కిరోసిన్‌తో కుక్కర్లో రెండు మూడు పూటల వంట అయిపోయేది.

నేను పనిచేసిన బడి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉండేది. అక్కడ నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. పైకి వెళ్ళేకొద్దీ సుమారుగా ప్రతి 300 మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున మరిగే వేడి తగ్గుతుంది కాబట్టి, ఎంత పెద్ద మంట పెట్టినా గిన్నెలో నీళ్ళు అంతకు మించి వేడెక్కవు. బంగాళాదుంప పైన మెత్తబడి లోపల పలుకుగానే ఉంటుంది. గట్టి గింజల సంగతి చెప్పనే అక్కర్లేదు. కుక్కర్ లోపల ఒత్తిడి బయటి గాలి కంటే 15 పీఎస్ఐ (అంటే చదరపు అంగుళానికి 15 పౌండ్లు) ఎక్కువ ఉంటుంది. సముద్రమట్టం దగ్గర దాంతో 121 డిగ్రీలు వస్తుంది. ఎత్తున బయటి గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి అదే కుక్కర్, అదే వెయిట్, అయినా 116 దగ్గర ఆగిపోతుంది. అయినా 90 కీ 116 కీ మధ్య తేడా తింటే తెలుస్తుంది. 600 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకూ వంట టైం 5 శాతం పెంచమని కుక్కర్ల వాళ్ళు ఇచ్చే సూచన నా విషయంలో బాగానే పనిచేసింది.

ఇక్కడ విజిళ్ళ లెక్క గురించి ఒక మాట. ఎన్ని విజిల్స్ రానివ్వాలి అని అడిగేవాళ్ళకి నేను జవాబు చెప్పలేను. మంట ఎంత, కుక్కర్ ఎంత నిండింది, వెయిట్ ఎంత శుభ్రంగా ఉంది అన్నదాన్ని బట్టి అదే పప్పుకి మూడు రావొచ్చు, ఏడు రావొచ్చు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోవడమే నా పద్ధతి.

ఈ కుక్కర్ వంటకే కాదు, పాఠానికీ పనికొచ్చింది. నీరు మరిగే వేడి ఒత్తిడిని బట్టి మారుతుందని పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలు చదివితే పెద్ద పిల్లలు తలూపి ఊరుకున్నారు. మర్నాడు స్టవ్, కుక్కర్, గిన్నె, బంగాళాదుంపలు బడికి పట్టుకెళ్ళాను. సగం దుంపలు గిన్నెలో, సగం కుక్కర్లో. గిన్నెలో నీళ్ళకి థర్మామీటర్ పెట్టి వాళ్ళ చేతే చదివించాను. 100 రాదని ముందే పందెం కాసినవాళ్ళు గెలిచారు. అప్పుడు డెనిస్ పాపిన్ కథ చెప్పాను. ఈ ఫ్రెంచి శాస్త్రవేత్త 1679లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఇలాంటి పాత్రనే చూపించాడు, 1682లో అక్కడి సభ్యులకు దాంతోనే విందు వండి పెట్టాడు, గట్టి ఎముకలు కూడా మెత్తబడ్డాయట. పాత్ర పేలిపోకుండా ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ కూడా ఆయనదే. ఆ తర్వాత చాలా రోజులు పిల్లలు నన్ను చూడగానే వెనక నుంచి విజిల్ శబ్దం చేసేవాళ్ళు. నేను విననట్టు ఊరుకునేదాన్ని.

మామూలు రోజుల్లో వంట ఇలా సాగేది. బడికి బయల్దేరే ముందే గింజలు నానబోసేదాన్ని. సాయంత్రం వచ్చి ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళతో కుక్కర్లో పెట్టి, పక్కనే కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుకునేదాన్ని. రాజ్మా లాంటి ఎర్ర గింజల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిలో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ సరిగ్గా ఉడకకపోతే వాంతులు పట్టుకుంటాయి. 80 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాగితే దాని విషం తగ్గకపోగా పెరుగుతుంది కూడా. అందుకే ఇంధనం ఆదా చేయాలని వాటిని గోరువెచ్చగా వదిలేసే పద్ధతులు నాకు నచ్చవు. ముందు కుక్కర్లో పూర్తి ఒత్తిడి మీద పది నిమిషాలకు పైగా ఉడకాలి, ఆ తర్వాతే స్టవ్ ఆపి, దించి, పాత దుప్పటి చుట్టిపెట్టడం. మంట మీద ఉండగా గుడ్డ చుట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. గంట తర్వాత మూత తీస్తే గింజ వేలితో నొక్కగానే నలుగుతుంది, లోపలి వేడి అప్పటికీ ఉంటుంది.

మూడు లీటర్లు ఒక్కరికి ఎక్కువ కాదా అంటే, కాదు. నురగొచ్చే గింజలు, ఉబ్బే బియ్యం వేసినప్పుడు సగానికి మించి నింపకూడదు. అంటే చేతికొచ్చేది లీటరున్నర. పావుకిలో ఎండు గింజలకి అది చక్కగా సరిపోతుంది. నాకు రెండు పూటలు, లేకపోతే నాకూ అనుకోకుండా వచ్చిన తోటి టీచర్‌కీ. ఐదు లీటర్లది అయితే రోజూ మిగులుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో మిగలడమే అసలు బెడద. ముఖ్యంగా అన్నం. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు కొన్ని బియ్యంలో ఉంటాయి, అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రెండు గంటలకు మించి బయట పెట్టిన అన్నం తినొద్దని అంటారు. అందుకే నేను ఏ పూటకి ఆ పూటే బియ్యం కొలిచి పోసేదాన్ని.

ఇక లోపాలు. హ్యాండిల్ మొదటిది. కిరోసిన్ మంట, కట్టెల మంట అడుగున ఆగవు, పక్కలకి ఎగబాకుతాయి. నల్ల బేకలైట్ హ్యాండిల్ అంచు కాలి పెచ్చులు లేచింది, స్క్రూ నెలకోసారి వదులయ్యేది. చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి వంటింట్లోనే ఉంచుకోండి. మసి రెండోది, కానీ దానికి మందుంది: పొయ్యి మీద పెట్టేముందు బయటివైపు అడుగుకి బట్టల సబ్బు తడిపి పూయండి, తర్వాత మసి నీళ్ళతోనే జారిపోతుంది. మోసుకొచ్చిన నీళ్ళతో గిన్నెలు తోముకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

అసలు తలనొప్పి గ్యాస్కెట్. గట్టిపడి, అంచుల నుంచి ఆవిరి కారడం మొదలుపెట్టిందంటే ఒత్తిడి నిలవదు, విజిల్ రాదు, కిరోసిన్ మాత్రం అయిపోతుంది. కాసేపు చల్లటి నీళ్ళలో వేసి బిగిస్తే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. అంతకంటే మేలైన పని, వాడనప్పుడు మూత బిగించి పెట్టకుండా తిరగేసి పైన పెట్టడం, రబ్బరు నలగదు. పక్కింటివాళ్ళ కుక్కర్ గ్యాస్కెట్ చూడ్డానికి అచ్చం మనదే అనిపిస్తుంది, బిగించబోతే అర అంగుళం తేడా. కొనేటప్పుడే అదే కంపెనీ, అదే మోడల్ గ్యాస్కెట్లు తీసుకోవాలి అనేది అందుకే. వాటితో పాటు సేఫ్టీ వాల్వ్ కూడా ఒకటి అదనంగా తీసుకోండి. నీళ్ళు ఇంకిపోయి కుక్కర్ మాడితే ఆ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరిని బయటికి వదులుతుంది, అదే దాని పని. అది పోయినప్పుడు ఆ కన్నంలో బోల్టు బిగించి ఇస్తామనే మెకానిక్‌లు ఎక్కడైనా ఉంటారు. దణ్ణం పెట్టి వెనక్కి తెచ్చేసుకోండి. వెయిట్ కింది గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోవడం నాకు అలవాటైపోయింది. పప్పు పొట్టు ఒక్కటి అడ్డుపడితే చాలు.

ఎలక్ట్రిక్ కుక్కర్ ఎందుకు వద్దంటే, కరెంటు కోతలు ఒక కారణం, వోల్టేజి రెండో కారణం. 230 వోల్టులకి చేసిన హీటర్‌ని 115 వోల్టుల దేశంలో పెడితే సగం వేడి వస్తుందనుకుంటారు. వచ్చేది నాలుగో వంతు. 700 వాట్లది 175 వాట్లయిపోతుంది. దాంతో నీళ్ళు కాగేలోపు ఆకలి చచ్చిపోతుంది. ప్లగ్గు మార్చుకుంటే సరిపోయే సమస్య కాదది. కరెంటు నమ్మకంగా ఉండే చోటికి వెళ్తుంటే అక్కడే కొనుక్కోవడం మంచిది. ఇండక్షన్ స్టవ్ ఉండొచ్చనుకుంటే అయస్కాంతం అంటుకునే స్టీలు అడుగు ఉన్న కుక్కరే తీసుకోండి, అల్యూమినియంది దాని మీద పనిచేయదు.

విమానంలో దీన్ని చెకిన్ సామానులో, మూత విడిగా పెట్టి, లోపల సాక్సులూ గ్యాస్కెట్లూ కూరి తీసుకెళ్ళాను. క్యాంపు స్టవ్‌ల గ్యాస్ డబ్బాలు ఏ సామానులోనూ ఎక్కించరు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

పాఠశాల వాళ్ళే భోజనం పెట్టే చోటికి, ఇంటివాళ్ళతో కలిసి తినే ఏర్పాటున్న చోటికి వెళ్తుంటే ఈ రెండు కిలోల బరువు మోయక్కర్లేదు. ఎత్తు తక్కువ, గ్యాస్ చవక అయినా మూత గట్టిగా పట్టే మందపాటి గిన్నె చాలు. విడిగా వండుకోవాలి, పైగా కొండ ప్రాంతం అంటే మాత్రం ఇదే కొనండి. నేను మళ్ళీ కొంటే ఇదే సైజు, కాకపోతే రెండువైపులా పొట్టి హ్యాండిళ్ళు ఉన్నది తీసుకుంటాను. పొడవాటి హ్యాండిల్ ఆ ఇరుకు బల్ల మీద పుస్తకాలకి అడ్డమొచ్చేది.