త్రిఫల: కాయలుగా కొనడం మేలా, చూర్ణంగా కొనడం మేలా?

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన మందు. దాన్ని ఎలా కొనాలో తేల్చేది ఇంట్లోని తేమే. శ్రీకాకుళం జిల్లా సోంపేట, బారువ వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ల ఇళ్లలో వానకాలం వస్తే ఉప్పు డబ్బాలో నీరూరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే స్వచ్ఛమైన ఉప్పు నీరు పీల్చుకుంటుంది. కల్లుప్పయితే ఇంకా ముందే చెమరుస్తుంది. మందు ఎన్నాళ్లు నిలుస్తుందో త్వరగా అంచనా వేయడానికి ప్రయోగశాలల్లో వాడే పెట్టెలోనూ తేమ అదే 75 శాతం, వేడి 40 డిగ్రీలు. అందులో 6 నెలలు ఉంచి మార్పులు చూస్తారు. అంటే తేమ విషయంలో మన వంటింటి అలమర ఆ పెట్టెకు తీసిపోదు. కాకపోతే అక్కడ మందు సీలు తీయని సీసాలో ఉంటుంది, ఇక్కడ మనం రోజూ మూత తీస్తాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా ఇల్లు చాలా రోజులు చెమ్మగానే ఉంది. త్రిఫల చూర్ణం డబ్బా మీద గడువు ఇంకా ఏడాదికి పైగా ఉంది. తెరిచి చూస్తే గడ్డకట్టి, ముక్క వాసన వేసింది. అదే అలమరలో గుడ్డ సంచిలో ఉన్న కరక్కాయలు రెండు ఎండలు తగలగానే మళ్లీ గలగలలాడాయి. తానికాయలకు మాత్రం పురుగు పట్టింది. కాబట్టి కాయలకు ఏ భయమూ లేదని నేను చెప్పను. కాయకు పట్టిన పురుగు కంటికి కనిపిస్తుంది, పొడిలో కలిసిపోయినది కనిపించదు. నాకు ఆ ఒక్క తేడా చాలు.

చూర్ణానికి రెండు నెలలు దాటితే వీర్యం, అంటే మందు బలం, తగ్గుతుందని పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత చెబుతుంది. దంచని మూలికలకు, గుటికలకు (మాత్రలకు), లేహ్యాలకు ఏడాది గడువిచ్చింది. నేటి నిబంధనలు చూర్ణానికి 2 ఏళ్లు ఇస్తున్నాయి. వీటిలో ఏది నిజమని చాలామంది అడుగుతారు. రెండూ నిజమేనని నా నమ్మకం. రెండేళ్ల లెక్క సీలు ఉన్నంతవరకే. మూత తీసిన రోజు నుంచి పాత లెక్కే నడవాలి. కాయను దంచితే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది, తేమా అంత త్వరగా ఎక్కుతుంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటు చూర్ణానికి ఇంకో నష్టం కూడా ఉంది: శొంఠి, మిరియాల ఘాటైన వాసన నూనెలు ఎగిరిపోతాయి.

పరీక్షల విషయానికొస్తే, 6 నెలల వేగ పరీక్ష కన్నా మామూలు వాతావరణంలో గడువంతా నిల్వ ఉంచి చూసే పరీక్షనే నేను ఎక్కువ నమ్ముతాను. ఒక్క పదార్థాన్నే కొలిచే పరీక్షను అసలు నమ్మను. కరక్కాయకు వగరునిచ్చే పెద్ద టానిన్లు పాతబడేకొద్దీ విరిగి గాలిక్ ఆమ్లంగా మారతాయి. గాలిక్ ఆమ్లాన్ని మాత్రమే కొలిస్తే, చెడుతున్న చూర్ణమే బలంగా ఉన్నట్టు కనిపిస్తుంది! దానితోపాటు ఆ టానిన్లనూ, తేమనూ, బూజు లెక్కనూ చూస్తేనే నిజం తెలుస్తుంది.

లేహ్యంలో బెల్లమో చక్కెరో నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగలేవు. తడి చెంచా పెడితే ఆ కాపలా పోతుంది. అరిష్టం అంటే కషాయాన్ని పులియబెట్టి చేసే మందు; అందులో పులిసినప్పుడు పుట్టిన సారాయే రక్షణ. అందుకే దానికి నిబంధనల్లో 10 ఏళ్ల గడువు ఉంది. ఇక్కడ చెప్పుకున్న వాటిలో నిల్వకు అదే గట్టిది. అయినా మధుమేహం ఉన్న ఇంట్లో ఆ తీపినీ, సారాయినీ వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు.

తీరంలో ఉండేవాళ్లకు నేను కాయలే మేలంటాను. గింజ తీసి పెచ్చులు ఎండబెట్టి, నెలకు సరిపడా దంచి, వస్త్రగాళితం పట్టి (పలుచని గుడ్డలో జల్లించి) చిన్న గాజు సీసాలో పోయండి. దంచిన తేదీ సీసా మీద రాయండి. దంచే ఓపిక లేని పెద్దవాళ్లుంటే చూర్ణమే కొనండి, కానీ అతి చిన్న డబ్బా తీసుకోండి. బూజు కనిపిస్తే మాత్రం ఎండబెట్టి మళ్లీ వాడకండి, పారేయండి. కొన్ని బూజులు వదిలే విషం ఎండకు పోదు.