15 లీటర్ల గీజర్, బోరు నీళ్ళు, ఇంటి నిండా చుట్టాలు

మా ఇంట్లోది 15 లీటర్ల గీజర్. నిలువుగా గోడకు తగిలించే రకం, 2000 వాట్లు, ఫైవ్ స్టార్. కొని ఏడెనిమిదేళ్ళు దాటింది. ఇల్లు తిరుచానూరు రోడ్డు వైపు. మున్సిపాలిటీ నీళ్ళు తాగడానికీ వంటకూ సరిపోతాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్ళతోనే. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పల్లో చాలావరకు ఎవరి గీజర్ కొన్నా వచ్చేవే.

ముందే తేల్చి చెప్పేస్తాను. ముగ్గురున్న ఇంటికి ఈ సైజు చాలు, ఐదుగురికి చాలదు. మామూలు రోజుల్లో మేం నలుగురమే. కానీ తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్ళ లెక్క వేరు కదా. బ్రహ్మోత్సవాలకు పలమనేరు వాళ్ళు, వైకుంఠ ఏకాదశికి మదనపల్లె వాళ్ళు, మధ్యలో ఎవరికి టోకెన్ దొరికితే వాళ్ళు. కొండకు పోవాలంటే తెల్లారుజామున రెండున్నరకే స్నానాలు మొదలవుతాయి. గీజర్ సత్తా ఏమిటో ఆ గంటలో తేలిపోతుంది.

మొదటి రెండు మూడేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత వేన్నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. మూడో మనిషికి గోరువెచ్చగా, నాలుగో మనిషికి చన్నీళ్ళు. ఇంకొన్నాళ్ళకు రెండో బకెట్ నిండకముందే చల్లబడిపోవడం. "ఏందమ్మా ఇది, ఒక్క బకెట్‌కే అయిపోతాంది" అని మా అత్తమ్మ రోజూ అడిగేది. ఒక మెకానిక్ వచ్చి, కనీసం మూత కూడా తీయకుండా, "అక్కా, దీని పనైపోయింది, కొత్తది తీసుకోండి" అనేసి పోయాడు. నాకు నచ్చలేదు. గీజర్ లైటు వెలుగుతోంది, మొదటి చెంబు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తున్నాయి. వేడెక్కుతున్న గీజర్ పని ఎలా అయిపోతుంది?

అసలు 15 లీటర్ల గీజర్ ఎన్ని నీళ్ళు ఇవ్వాలో ముందు లెక్క చూడాలి. ధనుర్మాసంలో ట్యాంకు నీళ్ళు దాదాపు 22 డిగ్రీలు ఉంటాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు హాయిగా ఉంటుంది. గీజర్‌లో 60 డిగ్రీల నీళ్ళుంటే, చన్నీళ్ళు కలుపుకుంటే మొత్తం 31, 32 లీటర్లు అవుతాయి. అంటే పెద్ద బకెట్‌తో ఒకటిన్నర. ఇది కాగితం మీద లెక్క. వేన్నీళ్ళు బయటికి వస్తుంటే కిందినుంచి చన్నీళ్ళు లోపలికి వచ్చి కొంత కలిసిపోతాయి కాబట్టి నిజంగా చేతికొచ్చేది ఇంకాస్త తక్కువే. ఆ తర్వాత మళ్ళీ అంత వేడెక్కడానికి 20 నిమిషాలు పడుతుంది. కాబట్టి వరసగా ఇద్దరు స్నానం చేసి మూడో మనిషికి చన్నీళ్ళు వస్తే అది రిపేరు కాదు, సైజు. ఒకటిన్నర బకెట్ కూడా రాకపోతేనే రిపేరు. చాలామంది ఈ తేడా చూడకుండానే మెకానిక్‌ను పిలుస్తారు.

గీజర్ అడుగున, వేడి పెంచడానికీ తగ్గించడానికీ ఉండే తిప్పుడు బిళ్ళను కూడా ఒకసారి చూడండి. ఎండాకాలంలో ఎవరో 50కి తగ్గించి ఉంటారు, డిసెంబర్ వచ్చినా అలాగే ఉంటుంది. 50 డిగ్రీల దగ్గర అదే 15 లీటర్లు 23 లీటర్ల స్నానపు నీళ్ళే ఇస్తాయి. పది డిగ్రీలకు అరబకెట్ దాకా తేడా. అలాగని 75కి తిప్పి వదిలేయొద్దు, సున్నం త్వరగా పట్టేది అక్కడే. మాది ఇప్పుడు చలికాలంలో 60, మిగతా ఏడాదంతా 50.

మా ఇంట్లో బిళ్ళ సరిగ్గానే ఉంది. అసలు దొంగ పక్క బాత్రూంలో దొరికాడు. మావి ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు బాత్రూంలు, రెంటికీ ఒకటే గీజర్. అత్తమ్మకు వంగడం కష్టమని వాళ్ళ వైపు నొక్కితే నీళ్ళొచ్చే హ్యాండ్ షవర్ పెట్టించాం. స్నానం అయ్యాక షవర్ మీద వేలు తీసేస్తే నీళ్ళు ఆగిపోతాయి, కాబట్టి గోడ మీది మిక్సర్ (వేడి, చల్ల నీళ్ళు కలిపి ఇచ్చే ట్యాప్) కట్టాలని ఎవరికీ తోచదు. వేడి, చల్ల రెండు నాబ్‌లూ తెరిచే ఉంటాయి. అప్పుడు మిక్సర్ లోపల రెండు లైన్లూ కలిసిపోతాయి. ఇటు మా బాత్రూంలో వేడి నాబ్ తిప్పితే గీజర్ నీళ్ళతో పాటు అటునుంచి చన్నీళ్ళు కూడా వేన్నీళ్ళ పైపులోకి దూరి వస్తాయి. లోపల ట్యాంకు నిండా వేన్నీళ్ళు ఉన్నా బకెట్‌లో పడేది గోరువెచ్చని నీళ్ళే.

దీన్ని కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. గీజర్ స్విచ్ ఆపండి. గీజర్‌లోకి చన్నీళ్ళు పోయే పైపు దగ్గర యాంగిల్ కాక్ ఉంటుంది, దాన్ని పూర్తిగా కట్టండి. ఇప్పుడు బాత్రూంలో వేడి నాబ్ ఒక్కటే తిప్పండి. కాసేపు సన్నగా వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా ధారగా వస్తూనే ఉంటే, ఆ నీళ్ళు గీజర్‌నుంచి రావడం లేదు, ఎక్కడో చన్నీళ్ళ లైన్ కలుస్తోంది. ఒక్కో మిక్సర్ కడుతూ పోతే ఏదో తెలిసిపోతుంది. ఒకే పిడితో అటూ ఇటూ తిప్పే కొత్త రకం ట్యాప్‌లలో లోపలి కార్ట్రిడ్జ్ అరిగినా ఇదే జరుగుతుంది, అప్పుడు కట్టినా ఆగదు, కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే.

షవర్ గొడవ తీరాక సగం ఉపశమనం. మిగతా సగానికి గీజర్ విప్పించాల్సి వచ్చింది. ఈసారి వేరే అన్నను పిలిపించాను. కిందినుంచి నీళ్ళు వదిలి, ట్యాంకు అడుగు బిళ్ళ (ఫ్లాంజ్) బోల్టులు తీసి, నీళ్ళు కాచే కాయిల్ బయటికి లాగాడు. కాయిల్ ఎక్కడుందో కనిపించలేదు, అంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ట్యాంకు అడుగునుంచి పెళ్ళలు పెళ్ళలుగా చెంబుడు సున్నం వచ్చింది. బోరు నీళ్ళు కాచే గిన్నెలో అడుగున పట్టే తెల్లపొర కూడా ఇదే. నీళ్ళలో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం వేడికి గట్టిపడి పేరుకుంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం వీటివల్ల వచ్చే గట్టిదనం (కఠినత్వం) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చు. గీజర్‌కు ఈ సరిపెట్టుకోవడం తెలియదు. పొర మందమయ్యేకొద్దీ కాయిల్ పుట్టించే వేడి, నీళ్ళకు అందక కాయిల్‌లోనే ఉండిపోతుంది. వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ పక్కనే ఉంటుంది, అది ఆ వేడికి మోసపోయి, ట్యాంకు మొత్తం కాగకముందే కరెంటు ఆపేస్తుంది. లైటు ఆరిపోతుంది, నీళ్ళు తయారనుకుంటాం.

కాయిల్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్దాడు. బాత్రూం కడిగే యాసిడ్ వాడతానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, కాయిల్ పైతొడుగునీ ట్యాంకు లోపలి పూతనీ అది తినేస్తుంది. విప్పిన ప్రతిసారీ రబ్బరు గాస్కెట్ కొత్తది వేయించాలి. పాతదే బిగిస్తే నెల తిరక్కముందే కారుతుంది. ఇంకొకటి, మెగ్నీషియం రాడ్. ట్యాంకు తుప్పు పట్టకుండా అదే ముందు తినబడుతుంది. మాది తీసి చూస్తే సన్నని కంబి మాత్రమే మిగిలింది. కొత్త రాడ్ ధర కొన్ని వందలు, అదే ట్యాంకుకు చిల్లు పడితే గీజర్ మొత్తం పాతసామాన్లవాడికే. బోరు నీళ్ళ ఇళ్ళలో ఏడాదికొకసారి విప్పి చూడాల్సిందే. మేం ధనుర్మాసానికి ముందే చేయిస్తాం.

లో వోల్టేజీ సంగతి కూడా ఒక ముక్క. 230 వోల్టులకు 2000 వాట్లు ఇచ్చే కాయిల్, 200 వోల్టులకు 1500 వాట్లే ఇస్తుంది. 20 నిమిషాల పని 26 నిమిషాలు అవుతుంది. వీధిలో అందరి మోటర్లూ ఒకేసారి నడిచే వేళ గీజర్ మందకొడిగా ఉంటే కాయిల్‌ను అనుమానించకండి.

బిగించేటప్పుడే తప్పు జరిగిన ఇళ్ళూ ఉన్నాయి. మా ఎదురింట్లో కొత్త గీజర్ మొదటి రోజునుంచే ఒక చెంబుకు మించి వేడి ఇవ్వలేదు. చూస్తే లోపలికి పోయే పైపూ బయటికి వచ్చే పైపూ తారుమారు. నిలువు గీజర్‌లో వేన్నీళ్ళు పైకి తేలుతాయి, వాటిని తీసుకునే గొట్టం లోపల పైదాకా ఉంటుంది. మార్చి బిగిస్తే పైనున్న వేన్నీళ్ళ మీద చన్నీళ్ళు పడి, అడుగున ఉన్న చల్లనివి బయటికి వస్తాయి. నీలం రంగు లోపలికి, ఎరుపు బయటికి. బిగించేవాడి పక్కన నిలబడి చూసుకోండి.

గీజర్ మీద నా ఫిర్యాదులు రెండే. ఫైవ్ స్టార్ అని చూసి నీళ్ళు ఎక్కువ వస్తాయనో త్వరగా కాగుతాయనో అనుకోవద్దు. కాగిన నీళ్ళు చల్లారకుండా ఎంత బాగా నిలబెడుతుందనేదే ఆ రేటింగ్. అందులో మాత్రం ఇది బాగుంది, రాత్రి ఆపిన నీళ్ళు పొద్దునకు కూడా వెచ్చగానే ఉంటాయి. రెండోది, అడుగు మూత ప్లాస్టిక్ స్క్రూలు. రెండుసార్లు విప్పేసరికి అరిగిపోయాయి.

కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్‌నుంచి చుక్కలు పడితే కంగారు పడకండి. వేడికి నీళ్ళు ఉబ్బుతాయి, అవి పోవడానికే ఆ దారి. దానికి గుడ్డపీలికో టేపో చుట్టి మూసేయడం మాత్రం ప్రమాదం.

ఇన్‌స్టంట్ గీజర్ ఆలోచన చుట్టాలు చాలాసార్లు చెప్పారు. 3000 వాట్లదైనా చలికాలంలో నిమిషానికి రెండు లీటర్ల చిల్లర కంటే ఎక్కువ స్నానపు నీళ్ళు ఇవ్వలేదు. బకెట్ నిండేసరికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. వంటింటి సింక్‌కు సరే, బాత్రూంకు వద్దు.

మళ్ళీ కొనాల్సి వస్తే 25 లీటర్ల నిలువు మోడలే తీసుకుంటాను. అడ్డంగా పెట్టే మోడల్‌లో వేడి, చల్ల నీళ్ళు త్వరగా కలిసిపోతాయి, కాబట్టి అదే సైజుకు చేతికొచ్చే వేన్నీళ్ళు తక్కువ. అటక కింద చోటు లేనివాళ్ళకు తప్పదనుకోండి. 25 లీటర్లు నిండితే నీళ్ళ బరువే పాతిక కిలోలు, గట్టి ఇటుక గోడ ఉండాలి. అత్తమ్మ మాత్రం పెద్దదైతే కరెంటు బిల్లు రెండింతలవుతుందని వద్దంటోంది. వాడే నీళ్ళు అవే కాబట్టి బిల్లు పెద్దగా పెరగదని, నిల్వలో పోయే కాస్త వేడే అదనమని చెప్పి చూశాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.