డ్రోన్ మ్యాపా, బస్తీవాళ్లు గీసుకున్న మ్యాపా?

బస్తీలో ఇళ్లు ఖాళీ చేయిస్తే బదులు ఇల్లు ఎవరికి దక్కాలో చాలాసార్లు తేల్చేది సర్వేనే. డ్రోన్‌తో పని త్వరగా అయిపోతుంది, కొలతలు పక్కాగా వస్తాయి. కానీ దానికి కనిపించేది పైకప్పే. ఒకే రేకుల కింద మూడు కుటుంబాలున్నా ఒక్క ఇల్లే. వెనక గదిలో అద్దెకున్నవాళ్లయితే అసలు లెక్కలోకే రారు.

బస్తీవాళ్లే గడపగడపకూ తిరిగితే ఇవన్నీ బయటపడతాయి. ఏ సందులో నీళ్లు నిలుస్తాయో కూడా వాళ్లకే తెలుసు. కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా అనే పెద్ద బస్తీ చాలా మ్యాపుల్లో ఖాళీ జాగాలా ఉండేది. 2009లో అక్కడి యువతే జీపీఎస్ పట్టుకుని తిరిగి ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి తమ బస్తీని ఎక్కించింది.

నా ఓటు బస్తీవాళ్ల మ్యాపుకే, హద్దుల కొలతకు డ్రోన్ సాయం తీసుకున్నా సరే. టైమ్ పడుతుంది, నిజమే. పెత్తందారులు తమవాళ్ల పేర్లే రాయించే ప్రమాదమూ ఉంది (ఎక్కడైనా ఉండేదే!). అందుకే జాబితాను అందరి ముందూ చదివి, అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేయాలి.