మా ర్యాలి దొరికిన చోటు: లైబ్రరీ పీరియడ్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్

మాది కోనసీమలో ఆత్రేయపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. నేను సోషల్ చెబుతాను. లైబ్రరీ బీరువా తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి ‘మన ఆనకట్ట’ అని ప్రాజెక్టు ఇచ్చి, లైబ్రరీలో ఉన్న మూడు కంప్యూటర్ల మీద, పాత పుస్తకాల స్కాన్లు ఉండే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ వాడించాను.

మొదటి రోజు ఏమీ దొరకలేదు. గూగుల్ అలవాటుతో పిల్లలు ‘ధవళేశ్వరం ఆనకట్ట ఎందుకు కట్టారు’ అని ప్రశ్న మొత్తం కొట్టారు. ఇక్కడ అలా కుదరదు. పాత పుస్తకం ఏ మాట వాడిందో ఆ మాటే కొట్టాలి, అదీ ఆ కాలపు స్పెల్లింగులో. అందుకే బోర్డు మీద రెండు వరసలు రాశాను. ధవళేశ్వరం పక్కన ‘డౌలైశ్వరం’. గోదావరి చివర ‘ఏ ఆర్ ఐ’ బదులు ‘ఈ ఆర్ వై’. ఆనకట్టకి ‘అనికట్’. ఈ ఇంగ్లీషు మాట తమిళ ‘అణైకట్టు’ నుంచే వెళ్లిందంటే పిల్లలు నమ్మలేకపోయారు.

రెండో వారం హెమింగ్‌వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్, అంటే జిల్లా వివరాలన్నీ ఉన్న సర్కారు పుస్తకం, తెరిచాం. పుస్తకం తెరిచాక భూతద్దం గుర్తు నొక్కి మాట కొడితే, అది ఏయే పేజీల్లో ఉందో చూపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. రెండో పేరు పాత స్పెల్లింగులో ‘రల్లి’ అని ఉంటుంది. ఒక అమ్మాయి స్క్రీన్ మీద వేలు పెట్టి రెండుసార్లు కూడబలుక్కుని, “మేడం, ఇది మన ర్యాలేనండి!” అని అరిచింది. ఆ పిల్లది ర్యాలే. ఇక అందరికీ తమ ఊరు వెతకాలనే తొందర. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇలాంటి పాత పుస్తకాలకి లాగిన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. మా స్కూల్లో నెట్ అంతంత మాత్రం కాబట్టి ముందు రోజే ఇంట్లో పీడీఎఫ్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను. తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ‘చరిత్ర’తో దొరక్కపోతే ‘చరిత్రము’ అని కూడా కొట్టి చూడండి. పాఠాలకి సంబంధించిన మెటీరియల్ కావాలంటే మాత్రం ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ మేలు. అందులో తరగతిని బట్టి, భాషని బట్టి వడకట్టుకోవచ్చు.

ఒక జాగ్రత్త. గెజిటీర్ రాసింది తెల్లదొర, ఆయన చూపు ఆయనది. అందుకే 1986 వరదల గురించి ఇంట్లో తాతయ్యల్నీ నాయనమ్మల్నీ అడిగి రాసుకు రమ్మన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చదివాం.

నోట్సులో ఒకడు ‘ఎక్కడ దొరికింది’ అన్నచోట ‘ఆర్కైవ్’ అని రాశాడు. “ఆర్కైవ్ బీరువా నాన్నా, బీరువాలో ఏ పుస్తకం, ఎన్నో పేజీ?” అని అడిగాను. మర్నాడు పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ నంబరు ఎర్ర ఇంకుతో రాసి తెచ్చాడు.